నది అడుగుకు దిగే ఈక పురుగు

నీటి మీదికి ఎగిరి ఈగను అందుకుంటున్న ట్రౌట్ చేప బొమ్మను మనం పుస్తకాల్లో, క్యాలెండర్లలో చూస్తుంటాం. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ చేప కడుపు నిండేది ఎక్కువగా అలా కాదు. చల్లగా, వడిగా పారే నదుల్లో ట్రౌట్ తినే మేతలో చాలా భాగం నీటి అడుగునే దొరుకుతుంది. రాళ్ళ సందుల్లో, గులకరాళ్ళ కింద, నాచులో బతికే పురుగులే దాని రోజువారీ తిండి. అలాంటి పురుగును పోలిన ఎరను ఈకతో, తీగతో కట్టి, చేప మేసే లోతుకు దింపడం ఒక విద్య. గాలం వేసేవారి భాషలో ఆ ఎర పేరు 'బరువు కట్టిన నింఫ్'.

ఒక సెంటీమీటరు కూడా ఉండని ఈ ఎరలో కీటక శాస్త్రం ఉంది, పారే నీటి భౌతిక శాస్త్రం ఉంది, లోహాల విష ప్రభావం గురించిన పాఠమూ ఉంది. దీన్ని సరిగ్గా కట్టాలంటే ముందు నది అడుగున ఏముందో తెలియాలి. అలా నది అడుగును చూడడం నేర్చుకున్నవాళ్ళే, ఆ నదికి జబ్బు చేసినప్పుడు అందరికంటే ముందుగా గుర్తించిన సందర్భాలు ఉన్నాయి.

నీటిలో నెలలు, గాలిలో గంటలు

కొన్ని కీటకాలు గుడ్డు నుంచి బయటికి వచ్చినప్పుడే పెద్ద పురుగును కొంతవరకు పోలి ఉంటాయి. రెక్కలు మాత్రం ఉండవు. ఈ దశను మన పాఠ్యపుస్తకాల్లో సరూప శాబకం అంటారు. నింఫ్ అన్నా అదే. మనకు బాగా తెలిసిన తూనీగ కూడా ఇలా నీటిలోనే పెరుగుతుంది. చల్లని నదుల్లో ట్రౌట్‌కు ప్రధానంగా దొరికేవి మేఫ్లై, స్టోన్‌ఫ్లై అనే కీటకాల నింఫ్‌లు. వీటితో పాటు ఇసుక రేణువులను, పుల్లలను పట్టుదారంతో అంటించుకుని తన చుట్టూ గూడు కట్టుకునే కాడిస్ డింభకం కూడా ఉంటుంది. శాస్త్రం ప్రకారం కాడిస్‌ది నింఫ్ దశ కాదు. అయినా గాలం వేసేవారు దాని నమూనాలను కూడా నింఫ్‌ల లెక్కలోనే కలిపేస్తారు.

మేఫ్లై జీవితం విచిత్రంగా ఉంటుంది. నీటి అడుగున నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏడాదికి పైగా పెరుగుతుంది. రెక్కలు వచ్చాక మాత్రం కొన్ని గంటలు, మహా అయితే కొన్ని రోజులే బతుకుతుంది. పెద్ద పురుగుకు తిండి తినే నోరే పనిచేయదు. జత కట్టడం, గుడ్లు పెట్టడం, చనిపోవడం, అంతే. ఈ కీటక వర్గానికి పెట్టిన శాస్త్రీయ నామం కూడా ఒక్క రోజు ఆయుష్షు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిందే. కాబట్టి చేప దృష్టితో చూస్తే రెక్కల మేఫ్లై పండుగ భోజనం లాంటిది. నింఫ్ రోజూ తినే అన్నం.

నింఫ్‌ను దగ్గరగా చూస్తే ఎర కట్టేవారికి కావలసిన కొలతలన్నీ కనిపిస్తాయి. మేఫ్లై నింఫ్ పొట్టకు రెండు పక్కలా రేకుల్లాంటి మొప్పలు ఉంటాయి. తోకలు చాలా జాతుల్లో మూడు. స్టోన్‌ఫ్లై నింఫ్‌కు తోకలు రెండే. వడి నీటిలో రాళ్ళను అంటిపెట్టుకుని ఉండే మేఫ్లై నింఫ్‌లు బల్లపరుపుగా ఉంటాయి. ఈదే నింఫ్‌లు సన్నగా, పడవ ఆకారంలో ఉంటాయి. పైకి వచ్చే సమయం దగ్గరపడిన కొద్దీ వీపు మీద రెక్కల సంచులు ఉబ్బి నల్లబడతాయి. చేప తరచుగా చూసే ఆకారం ఇది. మంచి నింఫ్ ఎరల్లో తల వెనుక భాగం లావుగా, ముదురు రంగులో ఉండడానికి కారణం ఇదే.

మరో విషయం. ఈ పురుగులు ఎప్పుడూ రాళ్ళనే పట్టుకుని కూర్చోవు. కొన్ని పట్టు తప్పి ప్రవాహంలో కొట్టుకుపోతాయి. ముఖ్యంగా చీకటి పడిన వెంటనే ఇలా కొట్టుకుపోయే వాటి సంఖ్య బాగా పెరుగుతుందని నదీ జీవశాస్త్రవేత్తలు చాలా నదుల్లో గమనించారు. ట్రౌట్ ఒక రాయి వెనుక నిదానమైన నీటిలో నిలబడి, పక్కనుంచి వడి నీరు మోసుకొచ్చే మేతను అందుకుంటుంది. దానికి ఖర్చయ్యే శక్తి తక్కువ, దొరికే తిండి ఎక్కువ. ఎర చేరవలసిన చోటు అదే.

మూలుగ చెంచా చెప్పిన సాక్ష్యం

ఈ విద్య స్పష్టమైన రూపం దాల్చింది దక్షిణ ఇంగ్లండ్‌లోని సుద్దరాతి నదుల దగ్గర. సుద్దరాతి పొరల్లో ఇంకిన వాన నీరు ఊటగా పైకి వచ్చి ఈ నదులను నింపుతుంది. అందుకే వీటి నీరు ఏడాది పొడవునా తేటగా, దాదాపు ఒకే చల్లదనంతో ఉంటుంది. లోపల చేప ఏం చేస్తోందో గట్టు మీద నుంచే కనిపిస్తుంది.

19వ శతాబ్దం చివరి నాటికి అక్కడ నీటి మీద తేలే ఎరలదే రాజ్యం. ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ రాసిన పుస్తకాల ప్రభావంతో, తేలే ఎర తప్ప మరేదీ వేయకూడదన్నంత పట్టుదల ఆ నదుల మీద ఏర్పడింది. లండన్‌లో న్యాయవాదిగా పనిచేసిన జి.ఇ.ఎం. స్క్యూస్ హాంప్‌షైర్‌లోని ఇచెన్ నదిలో గాలం వేసేవాడు. ఎముకల్లోని మూలుగను తీసే సన్నని పొడుగాటి చెంచాను ఆయన వేరే పనికి వాడాడు. పట్టిన ట్రౌట్ గొంతులోకి దాన్ని దింపి, లోపలి మేతను బయటికి తీసి, తెల్లని పింగాణీ పళ్ళెంలో నీళ్ళు పోసి పరిశీలించేవాడు. అందులో కనిపించినవి ఎక్కువగా రెక్కలు రాని నింఫ్‌లే. 1910లో, తర్వాత 1921లో వచ్చిన ఆయన పుస్తకాలు నీటి లోపలి ఎరకు ఆధారాలతో వాదన వినిపించాయి. అయినా అది మర్యాదస్తుల పద్ధతేనా అన్న తగవు తెగలేదు. 1938లో లండన్‌లోని ఫ్లైఫిషర్స్ క్లబ్ దీని మీద ప్రత్యేకంగా చర్చా సభ నిర్వహించింది.

స్క్యూస్ నింఫ్‌లు నీటి పైపొరకు కాస్త కిందనే మునిగేవి. అడుగుకు దిగే నింఫ్‌ను రూపొందించినవాడు ఫ్రాంక్ సాయర్. ఆయన న్యాయవాదీ కాదు, ప్రొఫెసరూ కాదు. విల్ట్‌షైర్‌లో ఎగువ ఏవన్ నదికి కాపలాదారు. నాచు కోయడం, గట్లు సరిచేయడం, చేపలను కాపాడడం ఆయన ఉద్యోగం. ఏళ్ళ తరబడి నీటిలోకి చూస్తూ ఆయన ఒక విషయం గమనించాడు. ఈదుతున్న మేఫ్లై నింఫ్ తన కాళ్ళను ఒంటికి అదిమి పెట్టుకుంటుంది. అలాంటప్పుడు ఎరకు కాళ్ళ కోసం బుర్రుమని విచ్చుకునే ఈకలు చుట్టడం ఎందుకు? అవి నీటిని అడ్డుకుని ఎరను మునగనివ్వవు కూడా. కాళ్ళు లేని, నున్నని, బరువైన నింఫ్‌ను ఆయన అలా తయారు చేశాడు. 1958లో వచ్చిన ఆయన పుస్తకంతో అది ప్రపంచమంతా పాకింది.

నాలుగు పనులు చేసే తీగ

సాయర్ నింఫ్‌కు కావలసినవి మూడే: ఒక చిన్న కొక్కెం, మగ ఫెజెంట్ పక్షి తోక ఈక పోగులు నాలుగు, సన్నని రాగి తీగ. ఫెజెంట్ మన కోడికీ నెమలికీ చుట్టం. దాని తోక ఈక ఎరుపు కలిసిన గోధుమ రంగులో, చాలా మేఫ్లై నింఫ్‌ల రంగుకు దగ్గరగా ఉంటుంది. మామూలుగా ఎరలు కట్టడానికి పట్టుదారమో నైలాన్ దారమో వాడతారు. సాయర్ ఆ దారాన్ని పూర్తిగా తీసేశాడు.

కట్టే తీరు ఇది. బల్లకు బిగించిన చిన్న వైస్‌లో కొక్కేన్ని అడ్డంగా పట్టించాలి. రాగి తీగను కొక్కెం కాడ మీద ఒక వరస దగ్గర దగ్గరగా చుట్టాలి. ముందు భాగంలో, అంటే పురుగు భుజాలు ఉండవలసిన చోట, మరికొన్ని చుట్లు వేసి చిన్న బుడిపె చేయాలి. తీగను వెనక్కి తెచ్చి, నాలుగు ఈక పోగుల కొసలు మూడు మిల్లీమీటర్ల మేర బయటికి ఉండేలా కట్టాలి. అవే తోకలు. తర్వాత పోగులను, తీగను కలిపి పేని, ముందుకు చుట్టుకుంటూ రావాలి. ఇలా చేస్తే పొట్ట మీద రాగి మెరుపుతో గాట్లు గాట్లుగా కీటకం ఒంటి మడతలు కనిపిస్తాయి. ముందుకు వచ్చాక పోగులను తీగ నుంచి విడదీసి, బుడిపె మీదుగా వెనక్కి ఒకసారి, ముందుకు ఒకసారి మడిచి, ప్రతి మడతనూ తీగతో బిగించాలి. రెక్కల సంచులు సిద్ధం. చివర తీగతోనే రెండు మూడు ముడులు వేసి తెంపేయాలి.

ఇక్కడ తీగ నాలుగు పనులు చేస్తోంది. ఈకను కట్టి ఉంచుతోంది, బరువు ఇస్తోంది, ఒంటి మడతలను చూపిస్తోంది, లోపలి నుంచి రంగు ఇస్తోంది. తడిసిన ఈక కాస్త పారదర్శకమవుతుంది కాబట్టి కింద ఉన్న రాగి ఎరుపు బయటికి కనిపిస్తుంది. లెక్క వేస్తే ఈ బరువు ఎంతో కాదు. 0.2 మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి తీగ 40 సెంటీమీటర్లు చుడితే సుమారు 0.11 గ్రాములు. ఏడెనిమిది సాంబ మసూరి వడ్ల గింజల బరువు అనుకోవచ్చు. ఆ మాత్రం బరువే ఎర నీటి పైపొరలో తిరగాలా, అడుగుకు చేరాలా అన్నది తేలుస్తుంది.

ఇప్పుడు ఎరలు కట్టేవారు ఇంకా చాలా పదార్థాలు వాడతారు. కుందేలు వెంట్రుకల ఉన్ని నీటిలో కదులుతూ మొప్పలను తలపిస్తుంది. నెమలి ఈక పోగు పచ్చగా మెరుస్తుంది. నెమలి మన జాతీయ పక్షి. దాని ఈకలను మన దేశం నుంచి ఎగుమతి చేయడానికి అనుమతి లేదు.

ఎంత బరువు కావాలి?

బరువు ఎంత ఎక్కువైతే అంత మంచిదని అనిపిస్తుంది. నది మాత్రం ఆ మాట ఒప్పుకోదు. కారణం తెలియాలంటే నీటిలో మునిగే వస్తువు మీద పనిచేసే బలాలను చూడాలి. కిందికి లాగేది గురుత్వాకర్షణ. పైకి నెట్టేది నీటి ఉత్ప్లవన బలం. కదలికను అడ్డుకునేది నీటి నిరోధం. ఈ నిరోధం వేగంతో పాటు పెరగడమే కాదు, ఈ పరిమాణంలో ఉన్న వస్తువులకు దాదాపు వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. అంటే రెట్టింపు వేగంతో మునగాలంటే నాలుగు రెట్ల నిరోధాన్ని దాటాలి.

మూడు మిల్లీమీటర్ల పూసను ఉదాహరణగా తీసుకుందాం. రంధ్రాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, ఇత్తడి పూస బరువు సుమారు 0.12 గ్రాములు, అదే పరిమాణంలో టంగ్‌స్టన్ పూస బరువు 0.27 గ్రాములు. ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 8.5 గ్రాములు, సీసానిది 11.3, టంగ్‌స్టన్‌ది 19.3. నీటి ఉత్ప్లవనాన్ని తీసేస్తే టంగ్‌స్టన్ పూస, ఇత్తడి పూస కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు తూగుతుంది. కానీ మునిగే వేగం రెండున్నర రెట్లు పెరగదు. నిలకడ నీటిలో ఒంటరి ఇత్తడి పూస సెకనుకు దాదాపు 0.8 మీటర్లు, టంగ్‌స్టన్ పూస 1.3 మీటర్లు దిగుతాయని లెక్క తేలుతుంది. తేడా ఒకటిన్నర రెట్లు మాత్రమే.

ఈ పూసకు ఈక, ఉన్ని, తోకలు, పైన దారం తగిలిస్తే వేగం ఇంకా బాగా తగ్గుతుంది. ఉన్ని లావుగా చుట్టిన నింఫ్‌లో ఎక్కువ భాగం తేలికైన పదార్థం, లోహం కొంచెం. సగటు సాంద్రత పడిపోతుంది, నిరోధం పెరుగుతుంది. అందుకే అనుభవం ఉన్నవారు బరువు పెంచే ముందు ఒళ్ళు సన్నగా చేస్తారు. సాయర్ నున్నని నింఫ్ తక్కువ బరువుతోనే దిగిపోవడంలో రహస్యం ఇదే.

ఇప్పుడు పారే నీటిలోకి వద్దాం. లోతు ఒక మీటరు, ప్రవాహ వేగం సెకనుకు 0.8 మీటర్లు అనుకుందాం. ఎర సెకనుకు 0.4 మీటర్లు దిగితే అడుగుకు చేరడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. ఈలోగా అది రెండు మీటర్లు దిగువకు కొట్టుకుపోతుంది. కాబట్టి చేప ఉందనుకున్న చోటికి కనీసం రెండు మీటర్లు ఎగువన ఎరను వేయాలి. సెకనుకు 0.25 మీటర్లే దిగే తేలిక ఎరకైతే మూడు మీటర్లకు పైగా ఎగువన వేయాలి.

ఇంకో చిక్కు ఉంది. నదిలో నీరంతా ఒకే వేగంతో పారదు. అడుగున రాళ్ళ రాపిడి వల్ల నెమ్మదిగా, పైకి వచ్చిన కొద్దీ వేగంగా పారుతుంది. అడుగున ఉన్న ఎరను కొట్టుకుపోతున్న నిజమైన పురుగులా నెమ్మదిగా నడవనివ్వాలి. కానీ దారం పైనున్న వేగపు నీటిలో ఉంటుంది. అది ఎరను ముందుకు ఈడ్చుకుపోతుంది. చుట్టూ ఉన్న పురుగుల కంటే వేగంగా పరుగెత్తే పురుగును ట్రౌట్ నమ్మదు. దీనికి మందు సన్నని దారం, సరిపోయేంత బరువు. బరువు మరీ ఎక్కువైతే ఎర రాళ్ళలో చిక్కుకుంటుంది, లేదా నీటితో పాటు కదలకుండా మొరాయిస్తుంది. అడుగుకు చేర్చగలిగిన వాటిలో అన్నిటికంటే తేలికైనదే సరైన బరువు. అందుకే ఎరలు కట్టేవారు ఒకే నమూనాను మూడు నాలుగు బరువుల్లో కట్టి, గుర్తు కోసం మెడ దగ్గర వేర్వేరు రంగుల దారం చుట్టుకుంటారు.

బరువు ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. పూస తల దగ్గర ఉంటే ఎర తలకిందులుగా దిగుతుంది. దారాన్ని మెల్లగా ఎత్తితే నింఫ్ పైకి ఈదుతున్నట్టు లేస్తుంది. రెక్కలు రావడానికి పైకి బయలుదేరిన నింఫ్ అని చేప భ్రమపడి వెంటనే అందుకుంటుంది. కాడను కంటి దగ్గర వంచి, గాడి ఉన్న పూస తొడిగిన కొక్కేలు ఇంకో మేలు చేస్తాయి. వాటి మొన పైకి తిరిగి ఉంటుంది కనుక అడుగు రాళ్ళకు తక్కువగా తగులుకుంటుంది.

శత్రువు నుంచి అతిథిగా మారిన చేప

ట్రౌట్‌తో పాటు ఐరోపా నదుల్లో కనిపించే మరో చేప గ్రేలింగ్. వీపు మీద తెరచాప లాంటి పెద్ద రెక్క దీని గుర్తు. తాజా చేప నుంచి థైమ్ అనే వాసన ఆకు పరిమళం వస్తుందని దీని శాస్త్రీయ నామంలో ఆ ఆకు పేరు చేర్చారు. నోరు కాస్త కిందికి తిరిగి ఉంటుంది కాబట్టి అడుగున మేయడం దీనికి సులువు. ట్రౌట్ శరత్కాలం నుంచి శీతాకాలంలోపు గుడ్లు పెడితే, గ్రేలింగ్ వసంతంలో పెడుతుంది. ట్రౌట్ వేట ఆపేసే చలికాలంలో గాలం వేసేవారికి మిగిలే చేప ఇదే.

ఒకప్పుడు ఇంగ్లండ్ సుద్దరాతి నదుల్లో దీన్ని కలుపు మొక్కలా చూసేవారు. ట్రౌట్ మేతను తినేస్తోందని పెద్ద సంఖ్యలో పట్టి పారేసేవారు. సాయర్ ఉన్ని, రాగి తీగలతో కట్టిన మరో ప్రసిద్ధ ఎర, మంచినీటి రొయ్య లాంటి రూపంతో, ఈ గ్రేలింగ్‌ను తగ్గించడానికే పుట్టింది. ఇప్పుడు అభిప్రాయం మారింది. గ్రేలింగ్ శుభ్రమైన, ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న నీటిని కోరుకుంటుంది. కాలుష్యాన్ని తట్టుకోలేదు. అది ఉన్న నది ఆరోగ్యంగా ఉందని నమ్మవచ్చు. ఈ చేప సంరక్షణ కోసం 1977లో బ్రిటన్‌లో గ్రేలింగ్ సొసైటీ ఏర్పడింది.

గ్రేలింగ్ వేటే నింఫ్‌ను మరో మలుపు తిప్పింది. 1980లలో పోలండ్, చెకోస్లొవేకియా పోటీదారులు వంగిన కొక్కెం మీద సీసపు తీగ చుట్టి, పక్కలు నొక్కి, సన్నగా బరువుగా కట్టిన నింఫ్‌లతో అంతర్జాతీయ పోటీల్లో అందరినీ ఆకర్షించారు. దూరం విసరకుండా, దాదాపు గాలపు కర్ర కొన కిందనే ఎరను నడిపించడం వారి పద్ధతి. దారం నీటిలో తక్కువగా ఉంటుంది కాబట్టి పైనీటి ఈడ్పు దాదాపు ఉండదు. మనం పైన చెప్పుకున్న భౌతిక శాస్త్రాన్ని వాళ్ళు చేతితో పరిష్కరించారన్నమాట.

సీసం తెచ్చిన చేటు

సీసం మెత్తగా ఉంటుంది, చవక, బరువైనది. మన జాలర్ల విసురు వలల అంచున ఉండే గుళ్ళకూ ఇదే వాడుక. అయితే అది విషం. పక్షులకు పళ్ళు లేవు. మేతను నూరుకోవడానికి అవి చిన్న రాళ్ళు మింగి కందనకాయలో దాచుకుంటాయి. నది అడుగున పడిన సీసపు గుండును కూడా రాయి అనుకుని మింగుతాయి. కందనకాయ రాపిడికి, జీర్ణాశయ ఆమ్లానికి ఆ సీసం కరిగి రక్తంలో కలుస్తుంది. నరాలు, కండరాలు పట్టు తప్పుతాయి. మేత గొంతులోనే నిలిచిపోయి, తింటూనే పక్షి ఆకలితో చనిపోతుంది.

బ్రిటన్ నదుల్లో హంసలు ఇలా పెద్ద సంఖ్యలో చనిపోవడంతో 1987 జనవరి 1 నుంచి అక్కడ 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల వరకు ఉన్న సీసపు గాలం గుళ్ళ అమ్మకాన్ని నిషేధించారు. ఆ తర్వాత థేమ్స్ నదిలో హంసల సంఖ్య తిరిగి పుంజుకుంది. కెనడా జాతీయ ఉద్యానవనాల్లో 50 గ్రాముల కంటే తక్కువ బరువున్న సీసపు గాలం పరికరాలను 1997 నుంచి అనుమతించడం లేదు.

ఒక నింఫ్‌లో ఉండే సీసం తక్కువే. కానీ రాళ్ళలో తెగిపోయిన ప్రతి ఎరా నదిలోనే మిగులుతుంది. ఇప్పటికీ సీసపు తీగ వాడేవారు దాన్ని పంటితో కొరకకూడదు, పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లలకు అందనివ్వకూడదు. దీనికి బదులుగా వచ్చిందే టంగ్‌స్టన్ పూస. దాని ద్రవీభవన స్థానం 3,400 డిగ్రీల సెల్సియస్‌కు పైనే కనుక కరిగించి పోత పోయడం కష్టం. లోహపు పొడిని అచ్చులో నొక్కి, అధిక వేడిలో గట్టిపరిచి పూసలు చేస్తారు. ఖరీదు ఎక్కువైనా సీసం కంటే చిన్న పరిమాణంలోనే ఎక్కువ బరువు ఇస్తుంది. నదికి మేలు చేసే మార్పు ఎర పనితనాన్ని కూడా పెంచింది.

రాళ్ళ కింద కాపలా

నింఫ్ కట్టేవారికి తెలిసిన పురుగులే నదికి వైద్య పరీక్షలు కూడా. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్ కీటకాలకు తేట నీరు, సమృద్ధిగా ఆక్సిజన్ కావాలి. నీరు చెడితే ముందుగా పోయేవి ఇవే. మురుగులో బతకగల ఎర్రని వానపాము జాతులు, కొన్ని దోమ జాతి ఈగల డింభకాలు మిగులుతాయి. నీటి నమూనాను ప్రయోగశాలలో పరీక్షిస్తే ఆ క్షణంలో నీరు ఎలా ఉందో తెలుస్తుంది. నెల రోజుల కిందట ఒక రాత్రి విషం పారి వెళ్ళిపోయి ఉంటే ఆ పరీక్షలో కనిపించకపోవచ్చు. నెలల తరబడి అక్కడే బతికే పురుగులు మాత్రం ఆ సంగతి చెబుతాయి.

ఈ సూత్రంతోనే బ్రిటన్‌లో గాలం వేసేవారు శిక్షణ పొంది క్రమం తప్పకుండా తమ నదిని పరీక్షిస్తారు. మూడు నిమిషాల పాటు కాలితో అడుగు రాళ్ళను కదిపి, దిగువన పట్టిన వలలోకి పురుగులను చేరుస్తారు. తెల్లని పళ్ళెంలో పోసి ఎనిమిది రకాల జీవులను లెక్కిస్తారు. సంఖ్య నిర్ణీత స్థాయి కంటే పడిపోతే వెంటనే పర్యావరణ సంస్థకు తెలియజేస్తారు.

2013 జులైలో విల్ట్‌షైర్‌లోని మార్ల్‌బరో దగ్గర కెన్నెట్ నదిలో ఈ కాపలా ఫలించింది. స్వచ్ఛంద పరిశీలకులకు పళ్ళెంలో ఉండవలసిన జీవులు కనిపించలేదు. వారి హెచ్చరికతో జరిగిన దర్యాప్తులో దాదాపు 15 కిలోమీటర్ల మేర నదిలోని కీటకాలు, మంచినీటి రొయ్యలు నాశనమయ్యాయని తేలింది. కారణం క్లోరిపైరిఫాస్ అనే పురుగు మందు. మన తెలుగు రాష్ట్రాల రైతులకు బాగా తెలిసిన పేరే ఇది. వరిలో కాండం తొలుచు పురుగుకీ, ఇళ్ళలో చెదలకీ వాడుతూ వచ్చిన మందు. నీటి కీటకాలకు ఇది చాలా కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. స్ప్రేయర్‌ను వాగులో కడగడం, ఖాళీ డబ్బాను కాలువలో పారేయడం ఎంత చేటో ఈ ఘటన చెబుతుంది.

మన వాగుల్లో ఏముంది?

మన దేశంలో గ్రేలింగ్ లేదు. గోధుమ ట్రౌట్ కూడా మన చేప కాదు. బ్రిటిష్ పాలన కాలంలో, 20వ శతాబ్దం మొదట్లో, గుడ్లను ఓడల మీద తెప్పించి కశ్మీర్ వాగుల్లో పెంచారు. తర్వాత హిమాచల్ ప్రదేశ్‌లోని కులు ప్రాంతానికి తెచ్చారు. తీర్థన్ లాంటి నదుల్లో అది స్థిరపడింది. నీలగిరుల్లో వాన విల్లు ట్రౌట్‌ను పెంచారు. వీటివల్ల స్థానికులకు కొంత ఉపాధి దొరికింది. అయితే ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జీవుల జాబితాలో ఈ రెండు ట్రౌట్‌లూ ఉన్నాయి. హిమాలయ నదుల సొంత చేప అయిన స్నో ట్రౌట్ పేరుకే ట్రౌట్. నిజానికి అది మన బొచ్చె, రోహుల కుటుంబానికి చెందినది. కొత్త చేపను వదిలే ముందు ఆ నదిలో ముందునుంచి ఉన్న వాటి సంగతి ఆలోచించాలి.

చేప పరాయిదైనా పురుగు మనదే. మేఫ్లైలు, కాడిస్‌లు హిమాలయాల్లోనే కాదు, తూర్పు కనుమల కొండవాగుల్లోనూ ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా నీటి నాణ్యతను అంచనా వేయడానికి నది అడుగున ఉండే ఇలాంటి జీవులను ఆధారంగా తీసుకుంటుంది. దీనికి గాలం అక్కర్లేదు. వానలు వెనక్కి తగ్గి, నీరు తేటపడి, ప్రవాహం మోకాలి లోతు కంటే తక్కువగా ఉన్నప్పుడు పెద్దవాళ్ళ తోడుతో పిల్లలు కూడా చూడవచ్చు. అడుగున పాతుకుపోని ఒక గులకరాయిని మెల్లగా ఎత్తి, తెల్లని పళ్ళెంలో నీళ్ళు పోసి దాని కింది భాగాన్ని కడగాలి. మూడు తోకలున్నది కనిపిస్తే మేఫ్లై, రెండు తోకలున్నది స్టోన్‌ఫ్లై కావచ్చు. ఇసుక గొట్టంలో నుంచి తల బయటపెట్టేది కాడిస్. ఏది ఎన్ని కనిపించాయో తేదీతో సహా రాసుకోండి. తర్వాత పురుగులను అదే నీటిలో వదిలి, రాయిని ఎలా ఉన్నదాన్ని అలా, కింది వైపు కిందికే ఉండేలా పెట్టండి. దాని కింద ఇంకా కొన్ని ఇళ్ళు ఉంటాయి.